గుండీ చివర్లో కొనే సామాను కాదు

చేతిపనికి కూలి గిట్టడం లేదని అందరికంటే గట్టిగా అనేది మనమే, అంటే అల్లికలు చేసే ఆడవాళ్ళమే. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఇంకొకరు చేత్తో చేసిన వస్తువు మన ముందుకొచ్చినప్పుడు మనం ఎలా ఉంటున్నాం అన్నది ఈమధ్య నన్ను బాగా బాధపెట్టింది. ఇది రాస్తున్నది దాని గురించే, ఇంకా సూటిగా చెప్పాలంటే గుండీల గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చేత్తో అల్లినదానికి చేత్తో చేసిన గుండీ పెట్టాలి, ఆ గుండీని ఉలన్ కంటే ముందు కొనాలి, దాని ధర దానికి ఇవ్వాలి. ఈ మూడూ విడివిడి మాటలు కావు, ఒకదాన్ని ఒప్పుకుంటే మిగతా రెండూ ఒప్పుకోవాల్సి వస్తుంది.

మొన్న విజయవాడలో ఉలన్ అల్లికలు, క్రోషియా చేసేవాళ్ళంతా కలిసి ఒక కళ్యాణ మండపంలో సంత పెట్టారు. మే నెలలో గోడలు కూడా సెగలు కక్కే ఊళ్ళో స్వెట్టర్లు ఎవరికి అని మా ఇంట్లోనే అడిగారు. ఇక్కడ అల్లేదాంట్లో చాలావరకు కాటన్ దారంతోనే, పిల్లల గౌన్లు, పర్సులు, దిండు గలీబులు, భుజాన వేసుకునే బ్యాగులు. ఉలన్ ఎక్కువగా అమెరికాలో ఉన్న మనవలకి పంపడానికి. డిసెంబరులో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాల ముందు నిలబడి, ఒక స్వెట్టర్ తిరగేసి మరగేసి చూసి "ఇది నేనూ అల్లగలను" అనుకుని వెనక్కి పెట్టేసేవాళ్ళు కూడా ఈ ఊళ్ళో తక్కువేం లేరు. కాబట్టి హాలు నిండిపోయింది.

రంగుల ఉలన్ ఉండల బల్లల దగ్గర తోపులాట. హాలు చివర, ఫ్యాను గాలి సరిగ్గా తగలని మూల, ఒక చిన్న బల్ల దగ్గర మాత్రం కొనేవాళ్ళు ఎవరూ లేరు, అమ్మే అమ్మాయి ఒక్కతే ఉంది. తెల్ల గుడ్డ పరిచి, దాని మీద అట్టముక్కలకి కుట్టిన గుండీలు వరసగా పెట్టి ఉన్నాయి. ఏటికొప్పాక లక్క గుండీలు, కొబ్బరి చిప్ప కోసి నునుపు చేసినవి, మట్టితో చేసి కాల్చి రంగు వేసినవి, మంగళగిరి కాటన్ ముక్కలు చుట్టినవి, ఒట్టి దారంతోనే చేసినవి. ఇన్ని రంగుల గుండీలు ఒకచోట చూడటం నాకు కొత్త. మన మ్యాచింగ్ సెంటర్లలో గుండీల డబ్బాలు వందలుంటాయి గానీ, అవన్నీ ఒక్క అచ్చులోంచి వచ్చి రంగు మార్చుకున్నట్టే ఉంటాయి.

నేను చేతిలోకి తీసుకున్నది పసుపుపచ్చది, మధ్యలో సన్నటి ఎర్ర గీత గుండ్రంగా చుట్టి ఉంది. పై వైపు అద్దంలా మెరుస్తోంది. తిప్పి చూస్తే వెనక రంగు లేదు, కర్ర కర్రలాగే వదిలేశారు, దాని మీద లేతు మీద, అంటే కర్రని గుండ్రంగా తిప్పి చెక్కే యంత్రం మీద, తిరిగినప్పుడు పడిన గీతలు కనపడుతున్నాయి. రెండు రంధ్రాలు. రంధ్రం అంచు మీద గోరు పెట్టి రాసి చూశాను, ఎక్కడా పట్టుకోలేదు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, గుండీ ఊడిపోవడానికి సగం కారణం ఆ అంచే. రంధ్రం అంచు గరుకుగా ఉంటే రోజూ పెట్టి తీస్తున్న కొద్దీ దారాన్ని కొంచెం కొంచెంగా కోసేస్తుంది. ఆ అంచుని ఎవరో కూర్చుని, ఒక్కో రంధ్రాన్నీ రెండు వైపులా నునుపు చేశారు.

ఏటికొప్పాక బొమ్మ ఎలా తయారవుతుందో మనలో చాలామందికి తెలుసు. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే కర్రకి అదిమి పడితే, ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఎర్రకి జాఫ్రా గింజలు, పసుపుకి పసుపు, నీలానికి నీలిమందు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఈ పని ఫలానా ఊరిదే అన్న గుర్తింపు వచ్చింది, ఆ చెట్టూచేమా రంగుల్ని మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంత పేరున్న పనిని మనం ఎక్కడ పెట్టుకుంటున్నాం? హాల్లో టీవీ పక్కన అద్దాల షోకేసులో. దసరాకి బొమ్మల కొలువులో. మన కొండపల్లి బొమ్మ గతీ అంతే. ఇంటికి ఒకసారి కొంటే ఇరవై ఏళ్ళు మళ్ళీ కొనక్కర్లేదు. గుండీ అలా కాదు. అది రోజూ చేతికి తగిలే వస్తువు, అల్లిక అల్లిక్కీ కొత్తగా కావాల్సిన వస్తువు. ఆ బల్ల దగ్గర నాకు అంత సంతోషం కలగడానికి కారణం రంగులు ఒక్కటే కాదు, షోకేసులో కూర్చున్న పని ఒకటి ఒంటి మీదకి రావడానికి దారి దొరికిందని.

అరవై రూపాయల గుండీ

నేను అక్కడ నిలబడి ఉండగానే ఒకావిడ వచ్చారు. చేతిలో సంచి నిండా ఉలన్. గుండీలు చూసి ముచ్చటపడి, ఒక అట్ట తీసి, "ఏమ్మా, ఇది ఎంత?" అన్నారు.

"ఒక్కోటి అరవై ఆంటీ. లక్కవి."

"అరవయ్యా! ఒక్క గుండీకా? వన్ టౌన్‌లో ఇరవై పెడితే డజను వస్తాయి."

"అవి ప్లాస్టిక్‌వి కదా ఆంటీ. ఇవి ఒక్కోటీ తిప్పి చేసినవి."

"ఎంత తిప్పితే మాత్రం, గుండీ గుండీయే కదమ్మా" అని అట్ట అక్కడ పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, అట్టని మళ్ళీ వరసలో సరిచేసింది.

ఆవిడ చెడ్డావిడ కాదు, పిసినారీ కాదు. ఆవిడ సంచిలో ఉన్న మెరినో ఉలన్, అంటే మెత్తటి ఖరీదైన రకం, ధర నాకు తెలుసు. ఉలన్‌కి అంత పెట్టగలిగిన మనిషికి గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆరోజు హాల్లో ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకున్నది ఒకటే, పాప గౌనుకి వారం రోజులు కూర్చుంటే "షాపులో మూడొందలకి వస్తుంది కదండీ" అంటున్నారని. ఆ మాట అన్నవాళ్ళ మీద అందరికీ కోపమే. మరి వన్ టౌన్‌లో డజను ఇరవై అన్నప్పుడు మనం అంటున్నది కూడా అదే మాట కదా. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఇక్కడ తనదాకా వచ్చాక కూడా మనకి తెలియడం లేదు, ఎందుకంటే గుండీని మనం పనిగా లెక్కవెయ్యట్లేదు, సూది, దారం, హుక్కులతో పాటు సామాను కింద రాసేస్తున్నాం.

సామాను కింద రాసేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో డార్సెట్ ప్రాంతం కథ చూస్తే తెలుస్తుంది. ఆ బల్ల మీదున్న దారపు గుండీలు ఆ పద్ధతివే. ఒక చిన్న రింగు తీసుకుని దాని చుట్టూ ఒత్తుగా కాజా కుట్టు వేస్తారు, ఆ కుట్టు అంచుని లోపలికి తిప్పుతారు, తర్వాత బండి చక్రం ఆకుల్లా దారాలు అడ్డంగా పోసి, మధ్యలోంచి మొదలుపెట్టి ఆ దారాల చుట్టూ అల్లుకుంటూ నింపుతారు. అక్కడ 1622 ప్రాంతంలో షాఫ్ట్స్‌బరీ అనే ఊళ్ళో ఏబ్రహాం కేస్ అనే ఆయన మొదలుపెట్టిన పని అది. రెండొందల ఏళ్ళకి పైగా ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఇళ్ళల్లో కూర్చుని ఆ గుండీలు చేసి బతికారు. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో గుండీలు చేసే యంత్రం చూపించాక ఆ బతుకుతెరువు చాలా త్వరగా కూలిపోయింది, కుటుంబాలకి కుటుంబాలు ఊళ్ళొదిలి వలసపోయాయి. యంత్రం రావడం తప్పని నేను అనను. కానీ కొనేవాళ్ళ దృష్టిలో గుండీ అంటే చొక్కా మూసే సామాను మాత్రమే అయినప్పుడు, చవగ్గా మూసేది ఇంకొకటి రాగానే చేసేవాళ్ళని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇవాళ ఆ గుండీ మళ్ళీ కనపడుతోందంటే దాన్ని నిలబెట్టింది అల్లికలు, కుట్లు చేసేవాళ్ళే.

మనకి ఇంకా దగ్గరగా నరసాపురం లేసు ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియా, గోదావరి పల్లెల్లో తరాలుగా ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న పని. 2024లో దానికీ జీఐ వచ్చింది. అయినా ఆ పనిని "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేది" అనడం మాత్రం పోలేదు. ఖాళీ టైములో చేసేది అన్న ఒక్క మాటతో కూలి సగానికి సగం తెగ్గొట్టవచ్చు. గుండీ విషయంలో మనం వాడే "గుండీయే కదా" కూడా అలాంటిదే.

కాజా వరస మధ్యలో పడుతుంది

డబ్బు సంగతి పక్కన పెట్టినా గుండీని ముందు కొనాలి అనడానికి పూర్తిగా అల్లికకి సంబంధించిన కారణం ఒకటుంది. మొత్తంలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే.

నేసిన బట్టకి కాజా ఆఖర్న పడుతుంది. టైలరు చొక్కా అంతా కుట్టేశాక గుండీ పెట్టి కొలిచి, అప్పుడు కాజా కోసి అంచు కుడతాడు. అల్లికలో అలా కుదరదు. ముందు పట్టీ అల్లుతూ ఉండగానే వరస మధ్యలో కొన్ని కుట్లు మూసేసి, పై వరసలో అన్ని కుట్లూ మళ్ళీ ఎక్కించాలి. అదే కాజా. తర్వాత దాన్ని పెద్దది చెయ్యాలంటే విప్పుకోవడమే. 4 మిల్లీమీటర్ల సూదులతో మామూలు మందం ఉలన్ అల్లితే 10 సెంటీమీటర్లకి సుమారు 22 కుట్లు వస్తాయి. అంటే 20 మిల్లీమీటర్ల గుండీ నాలుగు కుట్ల పైచిలుకు వెడల్పు. అల్లిక సాగుతుంది కాబట్టి మూడు కుట్ల కాజా చాలు. నాలుగు వదిలితే కొత్తలో బాగానే ఉంటుంది, కొన్ని ఉతుకులయ్యాక గుండీ దానంతటదే జారిపోతుంది. ఈ లెక్క వెయ్యాలంటే గుండీ చేతిలో ఉండాలి కదా. అంతా అల్లేసి, కాజాలు పెట్టేసి, అప్పుడు షాపుకి వెళ్ళి "ఇందులో పట్టే గుండీ ఇవ్వండి" అంటే దొరికేది షాపులో ఉన్న సైజు, ఉన్న రంగు. గుండీ అందంగా ఉండకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, మన అభిరుచి కాదు.

గుండీల సైజులు లైన్లలో చెప్తారు, అంగుళానికి 40 లైన్లు. చొక్కా గుండీ మామూలుగా 18 లైన్లు, అంటే సుమారు 11.4 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్‌వి అయితే 18 అంటే పద్దెనిమిదే. చేత్తో తిప్పినవాటిలో ఒకే అట్ట మీద కూడా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఇది లోపమే, కాదనను. అల్లికకి మాత్రం అది పెద్ద ఇబ్బంది కాదు, ఎందుకంటే ఆ కాస్త తేడాని సాగే కాజా సర్దుకుంటుంది. గట్టి కాటన్ చొక్కా కాజా సర్దుకోదు. చేత్తో చేసిన గుండీకి సరైన చోటు చేత్తో అల్లిన బట్టే అని నేను అంటున్నది ఊరికే సెంటిమెంటుతో కాదు.

కుట్టడంలో కూడా కాస్త శ్రద్ధ కావాలి. మందంగా ఉండే అల్లికకి గుండీని బిగించి కుట్టేస్తే పట్టీ ముడుచుకుపోతుంది. గుండీ మీద అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా దారం పోసి, పుల్ల లాగేసి, మిగిలిన వదులుని గుండీ కింద నాలుగు చుట్లు చుట్టి ముడెయ్యాలి. మట్టి గుండీల్లాంటి బరువైనవాటికి బట్ట వెనక ఒక చిన్న పల్చటి ప్లాస్టిక్ గుండీ పెట్టి రెండూ కలిపి కుడితే అల్లిక సాగిపోదు. అవును, అక్కడ ప్లాస్టిక్‌వే పెట్టండి, నాకు దానితో గొడవ లేదు. స్కూలు యూనిఫారాలకీ ఆఫీసు చొక్కాలకీ కూడా అవే ఉండాలి. ఎండనీ, వాషింగ్ మెషీన్‌నీ, ఇస్త్రీనీ తట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడే గుండీ డజను ఇరవైకి దొరకడం మామూలు విషయం కాదు.

లక్క కరగదా అండీ

ఈ ప్రశ్న నన్ను మా టైలరు గారు అడిగారు. పసుపు గుండీ చూపించగానే అటూ ఇటూ తిప్పి, "బాగుందండీ, కానీ ఇస్త్రీ పెడితే కరిగిపోద్ది" అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఒకటి తడిగుడ్డ మీద పెట్టి పైన వేడి ఇస్త్రీ ఆనించి చూశాను. మెరుపు పోయింది, అంచు మెత్తబడింది, ఎర్ర రంగు గుడ్డకి అంటింది. సబ్బు పెట్టి చల్లనీళ్ళలో ఉతికితే మాత్రం ఏమీ కాలేదు. శానిటైజర్ తగిలితే లక్కకి మంచిది కాదు, అది స్పిరిట్‌లో కరిగే పదార్థం.

ఇది నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం. అరవై పెట్టి కొన్న గుండీ ఒక్క పొరపాటు ఇస్త్రీతో పోతుందంటే ఎవరైనా వెనకాడతారు. ఉలన్ అల్లికని మనం ఎలాగూ అలా ఇస్త్రీ చెయ్యం, చల్లనీళ్ళలో ముంచి, పిండకుండా టవల్లో అద్ది, పరిచి ఆరబెడతాం. కాబట్టి ఉలన్‌కి ఇబ్బంది లేదు. కాటన్ క్రోషియా గౌన్లకి ఉంది, వాటికి ఇస్త్రీ తప్పదు.

దీనికి జవాబు మన ఇళ్ళల్లోనే ఉంది. పెళ్ళికి అల్లుడికి పెట్టే బంగారు గుండీలు గుర్తున్నాయా? సన్నటి గొలుసుతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఆ లాల్చీకి రెండు వైపులా కాజాలే. చాకలికి వేసేముందు గుండీలు తీసి బీరువాలో పెట్టేవారు, మళ్ళీ ఇంకో లాల్చీకి అవే. లాల్చీ చిరిగిపోయేది, గుండీలు మిగిలేవి, తాతగారివి మనవడికి వచ్చేవి. గుండీ బట్టకి పుట్టింది కాదు, బట్ట మీద నుంచి బట్ట మీదకి వెళ్ళేదని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. లక్క గుండీకి వెనక చిన్న కొక్కెం పెట్టి, బట్ట లోపలి నుంచి రింగుతో పట్టి ఉంచేలా చేస్తే ఉతికేటప్పుడు తీసేయొచ్చు. అల్లికలో రెండు వైపులా రంధ్రాలు పెట్టడం ఎంతసేపు? పిల్ల ఎదిగి గౌను పొట్టి అయిపోయాక కూడా గుండీలు తర్వాతి గౌనుకి వెళ్తాయి. అప్పుడు అరవై రూపాయల లెక్క కూడా మారిపోతుంది. ఆ అరవై పడేది ఒక గౌను మీద కాదు, దాని తర్వాత వచ్చే వాటన్నిటి మీదా.

ఒక జాగ్రత్త ఉంది. మూడేళ్ళ లోపు పిల్లలకి తీసేసే గుండీలు వద్దు. వాళ్ళు నోట్లో పెట్టుకోని వస్తువు లేదు, ఊడి వచ్చే గుండీ గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదకొస్తుంది. ఆ వయసు వాళ్ళకి అదే దారంతో క్రోషియా బంతి గుండీ అల్లి, గట్టిగా కుట్టి, రోజూ లాగి చూసుకోవడమే, లేదా గుండీలు అసలు లేకుండా ముడి వేసే తాళ్ళు పెట్టుకోవడమే. సంతలో ఆ అమ్మాయి కూడా ఒక తల్లికి ఇదే చెప్పి, లక్కవి వద్దని అమ్మకం వదులుకుంది. చూసి నాకు గౌరవం కలిగింది.

అందరూ అరవై పెట్టగలరా అంటే పెట్టలేరు. నలుగురు పిల్లలకి అల్లే అమ్మమ్మకి ఇరవై నాలుగు గుండీలంటే వెయ్యి దాటి పద్నాలుగు వందల నలభై. అది చాలామందికి నెల పాల బిల్లు. ఆవిడకి నేను చెప్పేది ఏమీ లేదు, ఇంట్లో రింగు, మిగిలిన దారం ఉంటే డార్సెట్ పద్ధతిలో తనే చేసుకోవచ్చు. నేను మాట్లాడుతున్నది ఉలన్‌కి వేలు పెట్టగలిగి, గుండీ దగ్గరకి వచ్చేసరికి వన్ టౌన్ ధర గుర్తొచ్చే మనలాంటివాళ్ళతో.

ఆ బల్ల దగ్గర నేను మా చెల్లెలి కూతురి స్వెట్టర్ కోసం పసుపువి ఆరు తీసుకున్నా. ఆ పిల్లకి ఏడేళ్ళు, కాబట్టి భయం లేదు. ఉలన్ ఇంకా కొనలేదు, గుండీ పట్టుకెళ్ళి దానికి నప్పే నీలం వెతకాలి. ఇంకో సెట్టు కొక్కెంతో చేసి ఇవ్వగలరా అని అడిగితే, లేతు మీద పనిచేసే వాళ్ళ మావయ్యని కనుక్కుని చెప్తానంది. సైజు లైన్లలో కాకుండా మిల్లీమీటర్లలో అట్ట మీద రాయమన్నా, కాజా లెక్క వేసుకోవడం తేలికవుతుందని. వెనక "వేడి ఇస్త్రీ వద్దు" అని కూడా రాయమన్నా. ఆరు గుండీల అట్ట మీద ఏడోది కూడా ఉండాలని చెప్పా, ఎందుకంటే ఒకటి పోతే అదే పసుపు, అదే ఎర్ర గీత మళ్ళీ దొరకదు. రెడీమేడ్ చొక్కాలకి లోపల ఒకటి కుట్టి ఇస్తారు కదా, అలా ఫ్రీగా ఇమ్మంటున్నారా ఆంటీ అని అడిగింది. కాదమ్మా, ఏడింటికీ డబ్బు తీసుకో అని చెప్పా.